సైన్ డై అన్న మాట

మొన్న సోమవారం పొద్దున పదకొండు గంటలకు మా చిన్నమ్మ సిరిసిల్ల నుంచి వేములవాడ మీదుగా రెండు బస్సులు మారి కోరుట్లకు వచ్చింది. రావడం ఎప్పుడూ వచ్చేదే. కానీ ఎప్పుడూ వాకిట్లో కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని, బస్సులో సీటు ఎవరిచ్చారో ఎవరియ్యలేదో అంతా చెప్పి, అప్పుడు లోపలికి వచ్చే మనిషి, ఈసారి చెప్పులతోనే గడప దాకా వచ్చేసింది. కొంగు ముడి విప్పి, అందులోంచి ఒక ప్లాస్టిక్ కవరు, ఆ కవరులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టింది. పైన జగిత్యాల కోర్టు ముద్ర ఉంది. లోపల అంతా ఇంగ్లీషు. "ఏం రాసిండ్రో సదువు బిడ్డా," అన్నది. చదవడానికి నాలుగు వరుసలే. రెండో వరుసలోనే ఆ మాట కనబడింది. నేను కాగితం మళ్ళీ మడిచి, ముందు అన్నం తిను, తర్వాత చదువుతానన్నాను. ముప్పై రెండేళ్ళు బడిలో ఇంగ్లీషు చెప్పిన దాన్ని. నాలుగు వరుసలు చదవడానికి మధ్యలో అన్నమెందుకని చిన్నమ్మకు అనుమానం రావాలి. రాలేదు. నా ఇంగ్లీషు మీద ఆమెకు అంత గురి. ఆ గురి వల్లనే ఇదంతా జరిగింది.

నా ఇంగ్లీషు సంగతి కొంచెం చెప్పాలి. మా వాడలో ఎవరి ఇంటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు మా ఇంటికే వచ్చేది. దుబాయి పోయేవాళ్ళ వీసా కాగితాలు, దవాఖాన రిపోర్టులు, బ్యాంకు నోటీసులు, కొత్త మిక్సీ డబ్బాలో వచ్చిన పుస్తకం కూడా. పెళ్ళి పత్రికలు అచ్చుకు పోయే ముందు నా దగ్గర ఒకసారి ఆగేవి. అంగళ్ళ బోర్డుల మీద తప్పులు కనబడితే నేను ఊరుకునేదాన్ని కాదు. బేకరీ ఆయన నా పోరు పడలేక ఒకసారి బోర్డే మార్చుకున్నాడు, కొత్త బోర్డులో ఇంకో తప్పు వచ్చింది, అది వేరే విషయం. మా బడి లెక్కల సారు నా గురించి "మేడం డిక్షనరీని గూడ దిద్దుతది" అని పిల్లల ముందే అనేవాడు. నేను లోలోపల మురిసిపోయేదాన్ని. తెలియదు అన్న మాట నా నోటి నుంచి వచ్చేది కాదు. తెలియని మాట ఎదురైతే దాని పక్క మాటలు చూసి, ముందూ వెనకా పోల్చుకుని, అర్థం అల్లేసేదాన్ని. చాలాసార్లు అది సరిపోయేది కూడా. సరిపోవడం అలవాటైతే మనిషి అడగడం మరిచిపోతాడు.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. నాకంటే ఆరేళ్ళే పెద్ద. అయినా నన్ను బిడ్డా అనే పిలుస్తుంది, ఆమెకు పిల్లలు లేరు. చిన్నాయనది జగిత్యాల, ఖిల్లా దిగువన రెండర్రల ఇల్లు. తండ్రి నుంచి వచ్చిన గుంటమగ్గం ఉండేది. మగ్గం మీద బతుకు సాగక ఆయన సిరిసిల్లకు పోయి సాంచలు నడపడం నేర్చుకున్నాడు. సాంచ అంటే మా దిక్కు పవర్‌లూముకు పేరు. ఒక్కసారి నేను ఆ షెడ్డులోకి పోయాను. పది సాంచలు ఒక్కసారి కొట్టుకుంటుంటే పక్క మనిషి మాట వినబడదు, నూలు దుమ్ము ముక్కులో పడి తుమ్ములు. చిన్నాయన మాత్రం ఆ చప్పుడులోనే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒక సాంచలో పోగు తెగిందంటే కళ్ళు తెరిచి నేరుగా దాని దగ్గరికే పోయేవాడు. తిండి విషయంలో మాత్రం చిన్నపిల్లవాడే. సర్వపిండి, అంటే బియ్యప్పిండి రొట్టె, చేస్తే మాడిన అంచు తనకే కావాలని చిన్నమ్మతో కొట్లాడేవాడు. అటువంటి మనిషి సిరిసిల్లలో పని తగ్గిపోయిందని మహారాష్ట్రలోని భీవండికి పోయాడు. ఏడాదిన్నర దాకా ఫోన్లు చేశాడు. తర్వాత ఆగిపోయాయి. మావాళ్ళు పోయి వెతికితే, గదిలో తోడున్నవాళ్ళు ఆయన సూరత్ పోయిండన్నారు. సూరత్‌లో ఎవరూ చూడలేదన్నారు. అంతే. ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది.

చిన్నమ్మ జగిత్యాల ఇంటికి తాళం వేసి సిరిసిల్లలో పుట్టింటి వాడకు వచ్చేసింది. ఒక షెడ్డులో సాంచలకు నూలు కండెలు చుట్టే పని దొరికింది. పని కష్టం కాదు ఆమెకు. కష్టమల్లా పేరంటాలలో. పెళ్ళికి పోతే, బతుకమ్మకు పోతే, కుంకుమ పళ్ళెం వరుసగా వస్తూ వస్తూ చిన్నమ్మ దగ్గరికి రాగానే ఆ పట్టుకున్నామె చెయ్యి కొంచెం ఆగేది. పెట్టాలా, దాటిపోవాలా అని ఆమెకు తెలియదు, పాపం. అది గమనించి చిన్నమ్మ ముందే లేచి నీళ్ళకని పోయేది. ఒకసారి మా చెల్లె కూతురు పెళ్ళిలో అట్లా నీళ్ళకు పోయిన మనిషి భోజనాల దాకా తిరిగి రాలేదు. నేను వెతుక్కుంటూ పోతే వంటల దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తోంది. నేనేం అడగకముందే అన్నది: "ఉన్నడంటె బొట్టు పెట్టుండ్రి. లేడంటె నేనే తీసుకుంట. ఏదో ఒకటి ఎవలన్న చెప్పాలె గద బిడ్డా." కులపెద్దలను అడిగితే మేమెట్లా చెప్తామన్నారు. పూజలు చేసే అయ్యగారిని అడిగితే పన్నెండేళ్ళు చూడాలన్నారు. అప్పటికి ఆయన జాడ తెలియక ఏడేళ్ళు దాటింది. ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి లేనట్టేనని కోర్టు చెప్తుందని ఎవరో అన్నారు. నేను జగిత్యాలలో ఒక వకీలును పట్టుకున్నాను. చిన్నమ్మకు కావలసింది ఆస్తి కాదు, నష్టపరిహారం కాదు. చదువుకున్న పెద్దమనిషి ఒకరు కుర్చీలో కూర్చుని, ఉన్నాడనో లేడనో ఒక మాట చెప్పాలి, అంతే.

ఆ దావాలో ఎదుటి పార్టీ అంటూ నిజానికి ఎవరూ లేరు. నియమం కోసం సర్కారును పెట్టారు. అయినా రెండేళ్ళు తిరిగాం. వాయిదా రోజున నేను బడికి సెలవు పెట్టి కోరుట్ల నుంచి, చిన్నమ్మ సిరిసిల్ల నుంచి, ఇద్దరం జగిత్యాల బస్టాండులో కలుసుకునేవాళ్ళం. కోర్టు వరండాలో సిమెంటు బెంచీ మీద మాకొక చోటు స్థిరపడిపోయింది. చిన్నమ్మ ప్రతిసారీ ఇంటి నుంచి సర్వపిండి కట్టుకొచ్చేది. బంట్రోతు చిన్నాయన పేరు తప్పు పలికితే ఆమె అక్కడి నుంచే సరిచేసేది, ఆయన కోప్పడేవాడు. పైరాష్ట్రం పోలీసుల నుంచి విచారణ కాగితం రావాలి, అది రాలేదు అని వాయిదా. మళ్ళీ రాశాం, ఇంకా రాలేదు అని ఇంకో వాయిదా. ప్రతి వాయిదాకూ ఒక తారీఖు ఇచ్చేవాళ్ళు. చిన్నమ్మకు చదువు రాకపోయినా ఆ తారీఖులన్నీ నోటికి ఉండేవి.

పదకొండేళ్ళ కింద, ఒక వాయిదా రోజు, మా వకీలు వేరే హాలులో ఏదో పెద్ద కేసులో ఉండి తన జూనియర్‌ను పంపాడు. ఆ అబ్బాయి హాలులోకి పోయి ఐదు నిమిషాల్లో బయటికి వచ్చాడు. చేతినిండా ఫైళ్ళు, ఒక చెవికి ఫోను. మమ్మల్ని దాటిపోతూ, "సైన్ డై అయ్యిందమ్మా. ఇగ మీరు రావల్సిన పని లేదు," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చిన్నమ్మ నా మొహం వైపు చూసింది. నాకు ఆ మాట తెలియదు. కానీ అందులోని రెండు ముక్కలూ తెలుసు. సైన్ అంటే సంతకం. డై అంటే చనిపోవడం. జడ్జి సంతకం పెట్టాడు, చనిపోయినట్టు. కోర్టువాళ్ళ ఇంగ్లీషు అరకొరగా ఉంటుంది, వ్యాకరణం చూసుకోరు అని మనసులో ఆ అబ్బాయి మాటను దిద్దుకున్నాను కూడా. ఇక రావల్సిన పని లేదన్నాడు కదా, దాంతో పూర్తిగా సరిపోయింది. అతని వెనకాల నాలుగు మెట్లు దిగి, "అంటే ఏంది బాబూ" అని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. టీచరమ్మను, నేనడుగుతానా? చిన్నమ్మ చెయ్యి పట్టుకుని, జడ్జి గారు సంతకం పెట్టారు, లేడనే రాశారు అని చెప్పాను. ఆమె ఏడవలేదు. తల ఊపి, టిఫిను డబ్బా సంచిలో సర్దుకుంది. నేనే ఏడ్చాను.

తర్వాత జరిగినదంతా చకచకా జరిగిపోయింది. కోర్టు చెప్పింది కనుక కులపెద్దలు సరేనన్నారు, అయ్యగారు సరేనన్నారు. కోర్టు చెప్పిందనడానికి వాళ్ళకున్న సాక్ష్యం నేను. కాగితం ఏదని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు టీచరమ్మ చెప్పాక ఇంకా కాగితమెందుకు? మానేరు ఒడ్డున దర్భలతో మోదుగాకులతో మనిషి ఆకారం చేసి, దానికే నిప్పు పెట్టారు. ఆకులు పచ్చివి, అంటుకోక పొగ వచ్చింది, అందరికీ కళ్ళ నీళ్ళు తిరిగాయి. పదో రోజున వాడలోని ముసలవ్వలు గాజులు తీశారు, పుస్తె తీశారు. మట్టెలు రాలేదు, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి, సబ్బు రాసి తీశారు. అప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నది నేనే. ఏటేటా బియ్యం ఇవ్వడానికి, అంటే సంవత్సరీకానికి, తిథి ఏదని అయ్యగారు అడిగారు. పోయిన రోజు తెలియదు కదా. చిన్నమ్మ కొంచెం ఆలోచించి, జడ్జి సంతకం పెట్టిన రోజునే పెట్టుకుందామన్నది. పంచాంగం తిప్పి ఆ రోజు తిథి చూసి రాసిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ దేవుని గూట్లో ఉంది.

నెల పైన గడిచాక, రేషన్ కార్డులో చిన్నాయన పేరు తీసేయడానికి డీలరు కోర్టు కాగితం కావాలన్నాడు. నేను జగిత్యాల పోయి వకీలు గారిని నకలు అడిగాను. ఏ నకలు అన్నాడాయన. చనిపోయినట్టు ఇచ్చిన తీర్పు అన్నాను. ఆయన ఫైలు తెప్పించి, కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, నా వైపు చూశాడు. ఆ రోజు మీ జూనియర్ సైన్ డై అన్నాడు కదా అన్నాను, ఇంకా ధీమాగానే. ఆయన నవ్వాడు, ఎగతాళిగా ఏమీ కాదు, బడిలో తప్పు చదివిన పిల్లను చూసి నేను నవ్వినట్టే. "అది సైన్ గాదు, డై గాదు టీచరమ్మా. లాటిన్ మాట. మేం గట్లనే పలుకుతం. రోజు లేకుండ అని అర్థం," అన్నాడు. విచారణ కాగితం వచ్చేదాకా తారీఖు వేయకుండా కేసును పక్కన పెట్టారట. ఉన్నాడని లేదు, లేడని లేదు. ఎప్పుడు వస్తుందా కాగితం అంటే, అదే కదమ్మా తారీఖు లేదంటున్నది అన్నాడు. కోరుట్లకు వచ్చి నా లావు డిక్షనరీ తీస్తే ఉంది. లెక్కల సారు త్రికోణమితిలో చెప్పే సైన్ కింద, రెండు వరుసల తర్వాత. ఆ పేజీ ఎన్నోసార్లు తిప్పి ఉంటాను. పత్రికల్లో నిరవధిక వాయిదా అని రాసేది దీన్నేనట. అదీ రోజూ చదివేదే. గుడ్డలో కట్టి దాచిన పుస్తె, మట్టెలు నా కళ్ళ ముందు ఆడాయి. డిక్షనరీ మూసేసి స్నానాల గదిలోకి పోయి నల్లా విప్పి కూర్చున్నాను.

చెప్పాలనే అనుకున్నాను. ఆ వారమే సిరిసిల్ల బయల్దేరాను. పోయేసరికి చిన్నమ్మ షెడ్డు బయట నలుగురు ఆడవాళ్ళతో కలిసి కండెలు చుడుతోంది. మొహం తేటగా ఉంది. రాత్రులు నిద్ర పడుతోందని తనే చెప్పింది, ఇన్నేళ్ళలో మొదటిసారి. పేరంటాలకు పిలవరు కనుక పోయే బాధ లేదు, నీళ్ళకని లేచే పని లేదు. ఇంతలో పక్కామె, "అక్కా, మా గ్యాస్ కనెక్షన్ సైన్‌డై అయ్యింది," అన్నది సంతోషంగా. అంటే మంజూరై ఇంటికి వచ్చేసిందని. చిన్నమ్మ తన కథ చెప్తూ ఆ మాటను ఆ షెడ్డుకు నేర్పింది. పని తెగిపోతే, లెక్క తేలిపోతే, ఇక అడిగేది ఏమీ మిగలకపోతే సైన్‌డై. పిల్ల పెళ్ళి ఖాయమైనా సైన్‌డైయే. డిక్షనరీలో ఉన్నదానికి సరిగ్గా ఎదురు. బేకరీ బోర్డు మీద ఒక్క అక్షరం పోతే నిలదీసిన నేను, అక్కడ కూర్చుని ఆ ఆడవాళ్ళు ఆ మాట వాడుతుంటే తల ఊపాను. టీ తాగి వచ్చేశాను.

రెండోసారి పోయినప్పుడు ఆమెకు జ్వరం. మూడోసారి సంవత్సరీకం, ఆ రోజెట్లా చెప్తాను? తర్వాత లెక్కపెట్టడం మానేశాను. పదకొండేళ్ళలో ఏటా ఆ తిథికి నేను సిరిసిల్ల పోయాను. చిన్నాయనకు ఇష్టమని ఆమె సర్వపిండి అంచులు ఎర్రగా కాల్చేది. అయ్యగారికి బియ్యం, కూరగాయలు చాటలో పెట్టి ఇచ్చేది. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే నన్ను చూపించి, తీర్పు తెచ్చింది మా బిడ్డనే అని చెప్పేది. నేను తల వంచుకుని అన్నంలో మజ్జిగ పోసుకునేదాన్ని. మా ఆయనకు ఒక్కరికే చెప్పాను. ఆయన, ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం అన్నాడు. ఆ ప్రశ్నను నేను బాగా వాడుకున్నాను. కోర్టు కేసునైతే తారీఖు లేకుండా ఆపింది, నా నోటిని నేనే ఆపుకున్నాను.

ఇక సోమవారం సంగతి. చిన్నమ్మ అన్నం తిని, వద్దంటున్నా కంచం తనే కడిగి బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నా ఎదుట కూర్చుంది. కాగితంలో ఉన్నది ఇది: సైన్ డై పెట్టిన దావాను మళ్ళీ తెరిచారు, పైరాష్ట్రం నుంచి విచారణ కాగితం అందింది, ఫలానా సోమవారం నాడు హాజరు కావాలి. ఆ విచారణలో ఏం తేలిందో రాయలేదు. వకీలు గారికి ఫోన్ చేశాను, ఆయనకూ తెలియదు, ఆ రోజు కోర్టులో విప్పితేనే తెలుస్తుందన్నాడు. అబద్ధం ఒకటి అల్లడానికి నాకు మాటలు రాక కాదు. ఆ సోమవారం ఆమె కోర్టు హాలులో నిలబడితే ఇంకెవరో చెప్తారు, అందుకని చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. జూనియర్ ఏమన్నాడు, నేనేమనుకున్నాను, వకీలు ఏం చెప్పాడు, డిక్షనరీ, అన్నీ. చిన్నమ్మ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా అయ్యాక, రోజు లేకుండా అంటే ఏమిటో ఇంకోసారి చెప్పమన్నది. చెప్పాను.

"అంటె, ఆయిన లేడని ఎవ్వలు అనలేదా?"

"ఎవ్వలు అనలేదు చిన్నమ్మా. నేనే అన్న."

తిడుతుందని చూశాను. తిడితే కాళ్ళు పట్టుకుందామనుకున్నాను, అందుకు సిద్ధంగా కుర్చీలోంచి కింద కూడా కూర్చున్నాను. ఆమె తిట్టలేదు. ఎడమ చేత్తో కుడి చేతి మణికట్టును, గాజులుండే చోట, మెల్లగా రాసుకుంటూ కూర్చుంది. కాగితంలో ఆయన పేరు ఎక్కడుందో చూపించమన్నది. చూపించాను. దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. బతికి ఉంటే ఆయనకు ఇప్పుడు డెబ్బై నిండుతాయి, అన్నది. నేను లెక్కేసి అవునన్నాను. తర్వాత, ఇంట్లో ఉప్పు ఉందా లేదా అని అడిగినంత మామూలుగా అడిగింది:

"వచ్చే గురువారమే తిథి. కోర్టు ఆ తర్వాతి సోమవారమంటున్నవ్. మరి గీ యేడు బియ్యం ఇయ్యాల్నా, వద్దా?"

ఇస్తే, బతికున్న మనిషికి ఇచ్చినట్టవుతుందేమో. ఇవ్వకపోతే, ఎక్కడో పోయిన మనిషి ఈ ఒక్క ఏడు ఎదురుచూసి ఆకలితో మళ్ళిపోతాడేమో. రెండింట్లో ఏది చెప్పినా మళ్ళీ నేనే తీర్పు ఇచ్చినట్టు. ఈసారి నాకు తెలియదన్నాను. జన్మలో మొదటిసారి అన్నాను, అన్నందుకు ఏమీ తేలిక పడలేదు. ఆమె తల ఊపి, కాగితం నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుని, నాలుగు గంటల బస్సుకు వెళ్ళిపోయింది. బస్సు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను, ఆమె చెయ్యి బయటికి చాపి నా తల నిమిరింది. అప్పటి నుంచి ఆమె ఫోన్ చేయలేదు. నేను రోజూ ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెడుతున్నాను. తారీఖు లేకుండా పదకొండేళ్ళు ఎట్లాగో గడిపేశాను, తారీఖు తెలిశాక గురువారం దాకా గడపడమే నాకు చేతకావడం లేదు.